ఆర్మా 3 మొదలుపెట్టి అయిదు నెలలు: సొంత మెడిక్‌నే లేపేసిన నా అనుభవం

2025 మే నెలల ఆపరేషన్ సిందూర్ నడుస్తున్నప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపుల మా మేనమామ ఒక వీడియో పంపిండు. రాత్రి పూట ఆకాశంల ఎర్రగ గుండ్ల వాన, ఒక విమానం మంటలంటుకొని కింద పడుతది, అంతే ఇగ కింద అందరు దండాల బొమ్మలు పెట్టుడు షురూ. మా చిన్నబాపు ఒక్కడే నమ్మలే. ఆయన ఆర్మీ సిగ్నల్స్‌ల పదిహేడేండ్లు చేసి హవల్దార్‌గ రిటైర్ అయ్యిండు, ఇప్పుడు హన్మకొండల మా ఇంటి పక్క సందులనే ఉంటడు. "గిది ఆట వీడియో రా, నిజం కెమెరా గింత నిలకడగ ఉంటదా" అన్నడు. వెతికితే నిజంగనే ఆర్మా 3 అనే కంప్యూటర్ యుద్ధం ఆట అని తేలింది. ఈ లొల్లి కొత్తది కూడ కాదు, మా ఆట వీడియోలను యుద్ధం వీడియోలని తిప్పుతున్నరని ఆ ఆట చేసిన బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్ళే 2022ల ప్రకటన ఇచ్చుకున్నరు.

2013ల వచ్చిన ఆట గింత నిజం లెక్క ఎట్ల ఉన్నది అనేది బుర్రల పురుగు లెక్క తిరిగింది. గట్ల పడ్డ నేను ఇండ్ల. ఇప్పుడు డిసెంబర్, నాకు అయిన ఆగం ఇంకొకరికి కావద్దని రాస్తున్న.

జూన్ 28, శనివారం, ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ల సమ్మర్ సేల్‌ల కొన్న. వెయ్యి లోపే పడ్డది. మస్తు అగ్గువ అనుకున్న, కాని అసలు ఖర్చు అటెన్క మొదలైతదని ఎవరూ చెప్పలే. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పన్న, పొద్దుగాల లేచేసరికి అయింది, చాయ్ తాగకుంటనే కూసున్న. ఓపెన్ చేస్తే ఆట కాదది, ఫోటోల ఆల్బమ్. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే బొమ్మలు, 18. నాది 2020ల అసెంబుల్ చేయించిన సిస్టమ్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు.

చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ షాపుకు పోయి చెప్తే, ఆయన నా సిస్టమ్ మొఖం కూడ చూడకుంట "గ్రాఫిక్స్ కార్డు మార్చాలె తమ్మీ, పద్దెనిమిది వేలు" అన్నడు. నేను అడ్వాన్స్ ఇద్దామని ఫోన్ పే కూడ తెరిచిన. దేవుని దయ, ఆ రోజు వాళ్ళ క్యూఆర్ కోడ్ పని చెయ్యలే. ఇంటికొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే గ్రాఫిక్స్ కార్డు సగం కూడ వాడుతలేదు, ప్రాసెసర్ల ఒక్క కోర్ మీదనే బరువంతా పడుతున్నది. ఆర్మా 3 గుణమే అది. మొదలు చెయ్యాల్సింది సెట్టింగ్స్‌ల వ్యూ డిస్టెన్స్ తగ్గించుడు, నేను 6000 మీటర్ల నుంచి 2000కి తెచ్చిన, చెట్లు ఇండ్లు కనవడే దూరం 1500కి. పైస ఖర్చు లేకుంట 18 కాస్త 35 దాటింది. తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌ల పెట్టించిన, హార్డ్ డిస్కు కంటే జోరుగ నడిచే ఒక ఎస్ఎస్‌డీ కొన్న, అప్పుడు ఊరు దగ్గరికి పోంగనే ఆగి ఆగి నడుసుడు బందయింది. ఎస్ఎస్‌డీ లేకుంటే ఈ ఆట సాఫుగ నడువదు, ఇది మాత్రం కచ్చితంగ చెప్తున్న.

ఇగ ఆడుడు. నేను పబ్జీ నాలుగేండ్లు ఆడిన మనిషిని, నాకేంది అనుకొని సీదా క్యాంపెయిన్‌ల, అంటే ఒక్కనిగ ఆడే కథల, దిగిన. మొదటి రోజు పదకొండు సార్లు సచ్చిన, అండ్ల తొమ్మిది సార్లు ఎవడు కొట్టిండో కూడ తెల్వదు. ఉరికితే ఆయాసం వస్తది, ఆయాసంల గన్ను ఊగుతది, బ్యాగుల కనవడ్డదల్లా ఏసుకుంటే ఆ ఆయాసం ఇంకింత జల్ది వస్తది. నిలబడుడు సీ, కూసుండుడు ఎక్స్, పండుడు జెడ్, ఈ మూడు వేళ్ళకు అలవాటు కావడానికే నాకు వారం పట్టింది. ఆల్ట్ పట్టుకుంటే నడుస్తూనే మెడ తిప్పి చూడొచ్చు, అది రెండు సార్లు నొక్కితే మెడ గట్లనే ఉండిపోతది, నేనైతే గేమ్ ఖరాబైందనుకొని రెండు సార్లు రీస్టార్ట్ చేసిన. క్యాంపెయిన్ పక్కనపెట్టి ముందు మెయిన్ మెనూల ఉన్న వీఆర్ ట్రైనింగ్ చెయ్యుండ్రి, తర్వాత వర్చువల్ ఆర్సెనల్‌ల ఒక గంట గన్నులు పట్టుకొని కాలుస్తూ తిరగుండ్రి. 300 మీటర్లకు గుండు ఎంత కిందికి దిగుతదో అక్కడ కండ్లకు కనవడతది.

జూలై అంతా కింగ్ ఆఫ్ ది హిల్ అనే పబ్లిక్ సర్వర్లల్ల ఆడిన. మూడు జట్లు, నడుమ ఒకటే ఊరు, ఎవరు పట్టుకుంటే వాళ్ళకు పాయింట్లు. అండ్ల నాకు గుర్తున్నది ఒక్కటే. ఎవరో పుణ్యాత్ముడు హెలికాప్టర్‌ల ఎక్కించుకున్నడు, నేను సంబురంగ కిటికీల నుంచి కిందికి చూస్తున్న, ఏదో చేద్దామని మౌస్ చక్రం తిప్పి నొక్కిన. ఆ చక్రం తిప్పితే వచ్చే మెనూల తలుపు తెరుసుడు నుంచి దునుకుడు దాక అన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటయ్. నేను నొక్కింది 'ఎజెక్ట్'. ప్యారాచూట్ లేదు. కింద సముద్రం కూడ లేదు.

ఒక్కనిగ ఆడుడు బోర్ కొట్టి ఆగస్టు 3న ఒక యూరప్ గ్రూపుకు అప్లికేషన్ పెట్టిన. ఆర్మాల వీటిని యూనిట్ అంటరు, వారానికో రోజు అందరు ఒక్కటై ఒక ఆపరేషన్ చేస్తరు, నలభై యాభై మంది, సెక్షన్లు, లీడర్లు, వైద్యం చేసే మెడిక్, రేడియో అన్నీ పద్ధతిగ ఉంటయ్. ఆరో తారీఖు రిప్లై వచ్చింది, తొమ్మిదో తారీఖు రాత్రి పదిన్నరకు డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌ల ఇంటర్వ్యూ. ఆ రోజు రాఖీ, అక్క బావ పిల్లలు అందరు ఇంట్లనే, నేను గొళ్ళెం పెట్టుకొని కూసుంటే మా అక్క "సంబంధం వాళ్ళతో మాట్లాడుతున్నవా ఏంది" అని తలుపు కొట్టుడు. నేను గన్నుల పేర్లు, గుండ్ల సైజులు అన్నీ బట్టీ పట్టిన. ఒక్కటీ అడగలే. అడిగినవి గివి: పద్దెనిమిదేండ్లు నిండినయా, మైక్ ఉన్నదా, శనివారం శనివారం వస్తవా, రాకుంటే ముందుగాల చెప్తవా, నీకంటే చిన్నోడు లీడర్ అయితే వాని మాట వింటవా. పావుగంటల అయిపోయింది. నా ఇంగ్లీష్ గురించి పరేషాన్ అయిన గని సగం మందికి నాకంటే తక్కువ వస్తది, ఒక్కొక్కలది ఒక్కో దేశం.

తర్వాత మాడ్‌లు, అంటే ఆటకు పైనుంచి తగిలించుకునే అదనపు ముక్కలు. వాళ్ళు ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు పంపిస్తరు, దాన్ని బ్రౌజర్‌ల తెరుసుడు కాదు, ఆర్మా లాంచర్‌ల ప్రీసెట్ కింద ఇంపోర్ట్ చెయ్యాలె, అప్పుడు స్టీమ్ వర్క్‌షాప్ నుంచి అన్నీ అవే దిగుతయ్. నాకు 60 జీబీ దాటింది. మా నెట్‌కు రెండు రాత్రులు పట్టింది, నడుమ కరెంట్ పోయిన టైం కలుపుకొని. లిస్టుల లేని మాడ్ ఒక్కటి ఎక్కువున్నా సర్వర్ బయటికి నూకుతది, నేను షోకుకు ఏదో సౌండ్ మాడ్ వేసుకుంటే గంట సేపు ఎందుకు కిక్ అవుతున్ననో అర్థం కాలే.

దానికంటే పెద్ద తలనొప్పి రేడియో. టీఫార్ అని ఒక మాడ్ ఉంటది, దాంతో మన గొంతు దూరాన్ని బట్టి వినవడతది, పక్కనున్నోడు గట్టిగ, అవతల గుట్ట మీదోడు రేడియోల గరగరమని. దానికి టీమ్‌స్పీక్ అనే మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ కావాలె. నేను నెట్‌ల ముందు కనవడ్డ కొత్త టీమ్‌స్పీక్ దింపిన, టీఫార్ ప్లగిన్ అండ్ల ఎక్కుతలేదు. రెండు రోజులు తండ్లాడినంక తెలిసింది, దానికి పాత మూడో వెర్షనే కావాలె అని. ట్రైనింగ్ రోజు కాదు, ముందు రోజే ఎవరినన్న అడిగి రేడియో టెస్ట్ చేసుకోండ్రి. ఆపరేషన్ మొదలైనంక మీ మైక్ బాగుచేసే తీరుబడి ఎవరికీ ఉండదు.

ఆగస్టు 23, బేసిక్ ట్రైనింగ్. రెండున్నర గంటలు. అయిదుగురం కొత్తోళ్ళం, వరుసగ నిలబడ్డం, ఇన్‌స్ట్రక్టర్ ఎదురుంగ నిలబడి తుపాకి సేఫ్టీ ఎట్ల పెట్టాలె, కంట్రోల్ పట్టుకొని ఎస్కేప్ కింద ఉన్న కీ నొక్కాలె అని చెప్తున్నడు. నేను ఒంగి కీబోర్డు చూసుకుంటున్న. జీ కీ మీద వేలు వడ్డది. జీ అంటే గ్రెనేడ్ ఇసురుడు. ఠంగుమని ఒక్క చప్పుడు, నేల మీద దొర్లుకుంట పోయి సీదా ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఎవడన్న ఏమన్న అనేలోపే అందరం పోయినం. నల్లటి స్క్రీన్. నాకు చెవులల్ల వేడి వొచ్చింది, హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి సిస్టమ్ బంద్ చేద్దామనుకున్న. హెడ్‌సెట్ల నుంచే సన్నగ నవ్వులు వినవడుతున్నయ్. ఇన్‌స్ట్రక్టర్ తిరిగి లేచొచ్చి, సరే ఈ బ్యాచ్‌ల ఆ పని చేసేది ఎవరో తేలిపోయింది, ఇగ ముందుకు పోదం అన్నడు. ప్రతి బ్యాచ్‌ల ఒకడు ఉంటడట. ఆ రాత్రే కంట్రోల్స్‌లకు పోయి జీ ని రెండు సార్లు నొక్కితేనే పడేటట్టు మార్చిన.

ఏస్ అనే మాడ్‌ల వైద్యం మామూలు ఆట లెక్క ఉండదు. ఎక్కడ తాకిందో చూసి అక్కడ కట్టు కట్టాలె, చెయ్యి కాలు అయితే ముందు టోర్నికే అనే పట్టీ బిగించి రక్తం ఆపాలె. బిగించి మర్చిపోతే నొప్పి వదలదు, కట్టు కట్టకుంట ఇప్పితే మళ్ళ రక్తం షురూ. నొప్పి అన్నడని మార్ఫిన్ మీద మార్ఫిన్ పొడిస్తే గుండె ఆగుతది, నా తోటి కొత్తోడు ట్రైనింగ్‌ల గట్లనే ఒకన్ని సంపిండు, గుండు తాకి బతికినోన్ని సూదితోని సంపిండు. ఇంకోటి ఇయర్ ప్లగ్స్. పెట్టుకోకుంటే పెద్ద గన్ను పేలినంక గుయ్యిమని చెవులు మూసుకుపోతయ్, లీడర్ ఏం చెప్తున్నడో వినవడది. బేస్‌ల దిగంగనే ముందు అవే పెట్టుకోవాలె.

మొదటి అసలు ఆపరేషన్ సెప్టెంబర్ 6. మన దగ్గర ఆ రోజు వినాయక నిమజ్జనం. తారీఖు ఇచ్చినప్పుడు నాకు ఆ సోయి లేదు. రాత్రి పదికి బేస్‌ల లైన్ల నిలబడ్డ, పదిన్నరకు బ్రీఫింగ్, హెలికాప్టర్ ఎక్కేసరికి పదకొండు దాటింది, దిగినంక ఆల్టిస్ గుట్టల్ల నలభై నిమిషాలు నడుసుడే నడుసుడు. ఆల్టిస్ అంటే 270 చదరపు కిలోమీటర్ల దీవి, దిగేటోడు కొంచెం దూరంల దింపితే మనం కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కు నడిచినట్టే. మొదటి గుండు చప్పుడు వినేసరికి పన్నెండున్నర. అందరం చీకట్ల చప్పుడు చెయ్యకుంట ఒక గోడ వెంబడి పోతున్నం, సరిగ్గ అప్పుడే మా గల్లీ గణపతి బండి కదిలింది. డీజే. నా టీమ్‌స్పీక్‌ల మైక్ వాయిస్ యాక్టివేషన్ మీద ఉన్నది, అంటే చప్పుడైతే చాలు అదే తెరుసుకుంటది. గోడ వెంబడి పోతున్న ఎనిమిది మందికి మా గల్లీ తీన్మార్ మొత్తం వినవడ్డది. మా టీమ్ లీడర్ చెయ్యెత్తి అందరిని ఆపి మెల్లగ, ఆ డప్పులు శత్రువులయా అని అడిగిండు. నావే అని చెప్పడానికి నాకు నోరు రాలే. ఎవరో కనిపెట్టి చెప్తే అప్పుడు బటన్ నొక్కితేనే మైక్ తెరుసుకునే పుష్ టు టాక్‌కు మార్చిన. మన ఇండ్లల్ల కుక్కర్ విజిల్, ఎదురింటి టీవీ, కుక్కలు, అన్నీ ఉంటయ్ కాబట్టి మొదటి రోజే ఆ పని చేసుకోండ్రి. ఆ రోజు మొత్తం నేను కాల్చింది పద్నాలుగు గుండ్లు. ఒక్కటన్న ఎవనికన్న తాకిందో లేదో తెల్వదు. రాత్రి రెండింటికి అయిపోయింది, మూడున్నర దాక నిద్ర పట్టలే.

ఇగ సెప్టెంబర్ 20. మా ఏటీ అంటే ట్యాంకులను కొట్టెటోడు రాలే, ఎవరన్న తీసుకుంటరా అంటే నేను ఉరికి చెయ్యెత్తిన. రాకెట్ లాంచర్ భుజాన ఉంటే వచ్చే సోకు వేరే. ఊర్లకు పోయినంక మూల మలుపు దగ్గర ఒక సాయుధ బండి వచ్చింది, లీడర్ నా పేరు పిలిచిండు, నేను గోడ మూలకు పోయి మోకాలి మీద కూసున్న, భుజాన పెట్టిన, బండిని అద్దంలకు తెచ్చిన, గుండె దడదడ కొట్టుకుంటున్నది. నొక్కిన. బండి పేలింది. రెండు సెకన్లు నేను రాజును. అటెన్క రేడియోల ఎవరూ మాట్లాడుతలేరు. తిరిగి చూస్తే మా మెడిక్ నా వెనక మూడడుగుల దూరంల పడి ఉన్నడు, ఆయన పక్కన ఆయన కట్టు కడుతున్న ఇంకో మనిషి. రాకెట్ ముందుకు పోతే దాని మంట వెనకకు కొడతది, బ్యాక్‌బ్లాస్ట్. ఏస్‌ల అది నిజంగనే సంపుతది. వెనక గోడ ఉంటే మనకే తిరిగి తాకుతది. లీడర్ అరవలే. బ్యాక్‌బ్లాస్ట్ క్లియర్ అని అరిచినవా అని ఒక్కటే అడిగిండు. అరవలే అన్న. మెడిక్ లేడు కాబట్టి తర్వాత తాకినోళ్ళెవరూ బతకలే, నేను కూడ. 50 నిమిషాలు స్పెక్టేటర్‌ల, అంటే సచ్చినోళ్ళు ఊకె చూసే కాడ, కూసోని, నా వల్ల ఒక్కొక్కలు పోతుంటే చూసిన. ఆ మెడిక్ నా పక్కనే స్పెక్టేటర్‌ల ఉండి ఇండియాల ఇప్పుడు టైం ఎంత అని మామూలుగ ముచ్చట పెడుతున్నడు, అదే ఇంకా ఎక్కువ సిగ్గనిపించింది.

మానేద్దామనుకున్న. తెల్లారి చిన్నబాపుకు చెప్తే ఆయన పకపక నవ్విండు. "కార్ల్ గుస్తావ్ లాంచర్ తెలుసా? మా దగ్గర దాని వెనక మనిషి కాదు, కుక్క కూడ ఉండొద్దు. ముందు వెనక చూసుడు, తర్వాతనే ముందు చూసుడు" అన్నడు. అని ఊకోలే, ఇగ ఆ తర్వాత శనివారం నుంచి కుర్చీ ఏసుకొని నా వెనక కూసుండుడు మొదలుపెట్టిండు.

ఆయన ముందరనే అయింది ఇంకో ఘోరం, అక్టోబర్ 11న. మోర్టార్ కావాలె, గ్రిడ్ చెప్పు అన్నరు. మ్యాప్‌ల ఆరు అంకెల గ్రిడ్ అంటే ముందు అడ్డం మూడు, తర్వాత నిలువు మూడు, దాంతోని వంద మీటర్ల గడి దొరుకుతది. నేను 146 172 చెప్పాల్సింది గాయిల గాయిల 172 146 అన్న. గుండ్లు పడ్డయ్, చప్పుడు మాత్రం ఎక్కడో దూరం గుట్టల అవతల వినవడ్డది. లెక్కేస్తే మూడున్నర కిలోమీటర్లకు పైనే పక్కకు పడ్డయ్. మా వాళ్ళెవరూ అక్కడ లేరు కాబట్టి బతికిపోయిన. వెనకనుంచి చిన్నబాపు నెత్తిమీద ఒక్కటి ఇచ్చిండు.

మరుసటి రోజు ఆదివారం, ఆయన నాతోని నోట్‌బుక్ తెప్పించి గడులు గీయించిండు. పప్పు గింజలు పెట్టి ఇదేడున్నది చెప్పు, ఇదేడున్నది చెప్పు అని. "ముందు తూర్పుకు నడువు, అటెన్క ఉత్తరానికి ఎక్కు. ఎన్నడూ ముందు ఎక్కొద్దు." అర్ధగంట గదే. తర్వాత రేడియో. ముందు ఎవరిని పిలుస్తున్నవో వాళ్ళ పేరు, తర్వాత నీ పేరు, వాళ్ళు చెప్పు అన్నంకనే ముచ్చట. నేను గబగబా "అన్నా ఇక్కడ ఒకడున్నడు, ఆ చెట్టు పక్కన" అనెటోన్ని, ఆల్టిస్‌ల చెట్లకు కొదవనా. దిక్కు డిగ్రీలల్ల, దూరం మీటర్లల్ల, తర్వాత ఏం కనవడ్డదో అది, అంతే. కే నొక్కితే కంపాస్ వస్తది, దాన్ని చూసుకుంట మాట్లాడుడు ప్రాక్టీస్ చేయించిండు. బటన్ నొక్కినంక ఒక క్షణం ఆగి మాట్లాడాలె, లేకుంటే మొదటి మాట తెగిపోతది అని కూడ ఆయనే చెప్పిండు, అది టీమ్‌స్పీక్‌ల కూడ గట్లనే అయితదని నేను తర్వాత గమనించిన. మా అమ్మ చూసి, పప్పు గింజలతోని ఇద్దరు మొగోళ్ళు ఏం ఆడుతున్నరు అని ఆశ్చర్యపోయింది.

అక్టోబర్ ఆఖరుకు మొంథా తుఫాను వాన. హన్మకొండ, వరంగల్ ఎట్ల మునిగినయో అందరు చూసిన్రు. మా ఇంట్లకు నీళ్ళు రాలే గని కరెంటు, నెట్ నాలుగు రోజులు లేవు. నవంబర్ 1 ఆపరేషన్‌కు రాలేనని ఫోన్ డేటాతోని గోడ మీద నిలబడి మెసేజ్ పెట్టిన. చెప్పకుంట రాకపోతే మూడోసారికి తీసేస్తరు, చెప్తే ఏమనరు. ఎనిమిదో తారీఖు ఎప్పటి లెక్కనే పదింటికి లాగిన్ అయిన, బేస్‌ల పురుగు లేదు. సర్వర్ మారిందా, నన్ను తీసేసిన్రా అని పరేషాన్. అక్టోబర్ 26న యూరప్‌ల గడియారాలు గంట వెనకకు తిప్పుకున్నరట, వాళ్ళ ఏడు గంటలు మనకు ఇప్పుడు పదిన్నర కాదు, పదకొండున్నర. మళ్ళ మార్చి ఆఖరు దాక గంతే. ఆపరేషన్ అయ్యేసరికి మూడు దాటుతది, ఆదివారం పని పెట్టుకునేటోళ్ళు ఆలోచించుకోండ్రి.

మొత్తం ఖర్చు: ఆట వెయ్యి లోపు, ర్యామ్ 1,400, ఎస్ఎస్‌డీ 3,200, హెడ్‌సెట్ 1,800, కరెంట్ పోయినా రౌటర్ నడువనీకి చిన్న యూపీఎస్ 1,500. తొమ్మిది వేలకు దగ్గర. డీఎల్‌సీలు, అంటే పైసలిచ్చి విడిగ కొనే ఆట భాగాలు, ఒక్కసారే అన్నీ కొనకండ్రి, చేరిన యూనిట్ ఏది అడుగుతదో చూసి సేల్‌ల కొనుండ్రి, నన్ను అయితే ఇప్పటిదాక ఒక్కటీ అడగలే.

మొన్న నవంబర్ 29న కొత్త బ్యాచ్ ట్రైనింగ్‌కు నన్ను సాయం నిలబడమన్నరు. ఆరుగురు వచ్చిన్రు, వరుసగ నిలబడ్డరు, ఇన్‌స్ట్రక్టర్ సేఫ్టీ గురించి చెప్తున్నడు. చివర నిలబడ్డోడు తల కిందికి వంచి కీబోర్డు చూసుకుంటున్నట్టు అనిపించింది, ఆట బొమ్మల అది కనవడదు గని నాకెందుకో తెలిసిపోయింది. నేను మెల్లగ నాలుగడుగులు వెనకకు ఏసి ఇసుక బస్తాల అవతల పన్న. ఠంగుమన్నది. లేచి చూస్తే నిలబడ్డది నేనొక్కన్నే. వెనకనుంచి చిన్నబాపు "సభాష్" అన్నడు.